ముఖంలో ముడతలు ఎందుకు వస్తాయి?

పుంగనూరులో ఒక పెండ్లి. అక్కాచెల్లెళ్ళు ఇద్దరు ఆ పెండ్లికి వచ్చారు. అక్కది కుప్పం. చెల్లెలిది మదనపల్లె పక్కన ఒక పల్లె. ఇద్దరూ కలుసుకుని ఏడాది దాటింది. బంతిలో పక్కపక్కనే కూర్చున్నారు.

వడ్డించే పిల్లవాడు వచ్చాడు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు. అక్క ఆకు ముందు వంగి, "అక్కా, ఇంకొంచెం అన్నం పెట్టేదా?" అని అడిగాడు. చెల్లెలి ముందుకు జరిగి, "అవ్వా, నీకు?" అన్నాడు.

పిల్లవాడు తప్పుగా ఏమీ అనలేదు. మర్యాదగానే అడిగాడు. కానీ చెల్లెలికి ముద్ద గొంతు దిగలేదు. ఎందుకంటే అక్కకు 50 ఏళ్ళు. చెల్లెలికి 46 ఏళ్ళు.

"అక్క నాకన్నా నాలుగేండ్లు పెద్దది. నేను అవ్వనెట్లా అయినాను?" అని ఆమె ఇంటికి పోయేదాకా అనుకుంటూనే ఉంది. ఇంట్లో అద్దం తీసి చూసుకుంది. నుదుటి మీద గీతలు. కండ్ల పక్కన కాకి కాలి గుర్తుల మాదిరి ముడతలు. బుగ్గల మీద నల్ల మంగు. మెడ మీద లోతైన గాట్లు. చేతుల మీద చర్మం ఎండిన ఆకు మాదిరిగా ఉంది.

తనకు ఏదో రోగం వచ్చిందని ఆమెకు భయం పట్టుకుంది. మరుసటి వారం ఊరికి వచ్చే నర్సమ్మ దగ్గరకు పోయింది.

"నర్సమ్మా, నాకేమన్నా రోగం ఉండాదేమో చూడమ్మా. మా అక్క కన్నా నేను ముసలిదాన్ని అయిపోయినాను" అంది.

నర్సమ్మ కనురెప్ప కిందికి లాగి చూసింది. గోళ్ళు చూసింది. బీపీ చూసింది. రక్తం కొంచెం తక్కువగా ఉంది. అంతకు మించి ఏమీ కనిపించలేదు. అప్పుడు నర్సమ్మ ఒక మాట చెప్పింది.

"నీ జాకెట్టు చెయ్యి కొంచెం పైకి జరుపమ్మా."

ఆమె జరిపింది. జాకెట్టు కింద ఉన్న చర్మం నున్నగా ఉంది. ఒక్క ముడత లేదు. మచ్చ లేదు. రంగు కూడా వేరే. జాకెట్టు అంచు నుంచి కిందికి, మోచేయి దాకా, ముంజేతి దాకా, చర్మం నల్లగా, మొద్దుగా, ముడతలు పడి ఉంది.

"ఈ పై చర్మం వయసెంత?" అని నర్సమ్మ అడిగింది.

"46."

"ఈ కింది చర్మం వయసో?"

"అదీ 46 కదమ్మా. రెండూ నావే కదా!"

"మరి రెండూ ఒకే తీరుగా ఎందుకు లేవు?"

చెల్లెలు రెండు చర్మాలనూ మార్చి మార్చి చూసింది. జవాబు ఆమె చేతి మీదే ఉంది. వయసు రెండింటికీ ఒకటే. ఎండ మాత్రం ఒకదానికే తగిలింది.

మీరు కూడా ఇట్లాగే చూసుకోవచ్చు. రవిక కింద, నడుము దగ్గర, చంక పక్కన ఉన్న చర్మాన్ని ముఖంతో, ముంజేతితో పోల్చి చూడండి. మగవాళ్ళలో అయితే ఇంకో వింత కనిపిస్తుంది. రోజూ తలపాగా చుట్టుకునే ముసలాయనను తలపాగా తీయమనండి. నుదుటి మీద గీత గీసినట్టు ఉంటుంది. గీతకు పైన నునుపు. గీతకు కింద ముడతలు.

చర్మంలో ఏముంది?

చర్మం ఒక్క పొర కాదు. ముఖ్యంగా రెండు పొరలు. వాటి కింద కొవ్వు ఉంటుంది.

పై పొర చాలా పలచన. అది రోజూ కొంచెం కొంచెం రాలిపోతూ ఉంటుంది. కింద నుంచి కొత్తది పుడుతూ ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు సుమారు నెల రోజులకు పై పొర మొత్తం కొత్తదవుతుంది. వయసు పెరిగే కొద్దీ ఈ పని నెమ్మదిస్తుంది. అందుకే ముసలివాళ్ళ చర్మం కళ తప్పుతుంది. గాయం కూడా నిదానంగా మానుతుంది.

అసలు బలం లోపలి పొరలో ఉంది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల మగ్గాలు చాలామంది చూసి ఉంటారు. మగ్గం మీద పోగులు బిగువుగా ఉంటాయి. చర్మం లోపలి పొర కూడా అట్లాంటి నేతే. అందులో గట్టి పోగులు ఉంటాయి. వాటి పేరు కొల్లాజెన్. వాటి మధ్యలో సాగే పోగులు ఉంటాయి. వాటి పేరు ఎలాస్టిన్. గట్టి పోగులు చర్మానికి బిగువు ఇస్తాయి. సాగే పోగులు, చర్మాన్ని లాగి వదిలితే వెనక్కు తెస్తాయి.

పసిబిడ్డ చెయ్యి మీద చర్మాన్ని మెల్లగా పట్టి వదలండి. టక్కున సర్దుకుంటుంది. అవ్వ చెయ్యి మీద పట్టి వదలండి. గుడారం మాదిరి కాసేపు నిలబడి, నిదానంగా దిగుతుంది. పాత లాగుకు ఉన్న ఎలాస్టిక్ సాగిపోయి వదులైనట్టు, అక్కడ సాగే పోగులు వదులైపోయాయి. (వాంతులు, భేదులు అయి ఒంట్లో నీరు పోయినప్పుడు కూడా చర్మం ఇట్లాగే నిలబడుతుంది. అది వేరే సంగతి. అప్పుడు వెంటనే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగించాలి. ఆస్పత్రికి పోవాలి.)

ఈ పోగులు ఎవరికైనా తగ్గుతాయి. ఇరవై దాటిన తర్వాత ఏటా 100 పాళ్ళలో ఒక పాలు చొప్పున గట్టి పోగులు తగ్గుతూ వస్తాయని వైద్యులు లెక్క కట్టారు. ఆడవాళ్ళకు ముట్లు ఆగిపోయిన తర్వాత ఇంకా త్వరగా తగ్గుతాయి. మొదటి ఐదేళ్ళలోనే 100లో 30 పాళ్ళ దాకా పోవచ్చు. 45, 50 ఏళ్ళ ఆడవాళ్ళు "ఉన్నట్టుండి ముసలిదాన్ని అయినాను" అంటారు కదా. అది ఉత్త మాట కాదు.

ఇది లోపలి గడియారం. దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ చెల్లెలి ముఖంలో, చేతుల్లో కనిపించేది ఈ గడియారం పని ఒక్కటే కాదు. అక్కకూ ఇదే గడియారం ఉంది కదా!

అక్క ఎక్కడ పని చేస్తుంది? చెల్లెలు ఎక్కడ పని చేస్తుంది?

కుప్పం నుంచి రోజూ ఎంతోమంది రైలెక్కి బెంగళూరుకు పనికి పోతారు. అక్క వాళ్ళలో ఒకతె. బట్టలు కుట్టే కంపెనీలో పని. తెల్లవారకముందే ఇల్లు వదులుతుంది. చీకటి పడ్డాక ఇంటికి వస్తుంది. ఇట్లా 20 ఏళ్ళు. ఆమె ఒంటికి ఎండ తగిలేది ఆదివారం ఒక్కరోజే.

చెల్లెలు మదనపల్లె పక్కన టమోటా తోటల్లో కూలి చేస్తుంది. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి. అక్కడికి వచ్చే కాయ వెనక ఇట్లాంటి కూలీలు ఎందరో ఉన్నారు. నారు నాటడం, కట్టెలు పాతడం, తీగలు కట్టడం, కలుపు తీయడం, కాయ కోయడం. అన్నీ ఎండలోనే. ఇట్లా 25 ఏళ్ళు.

అక్కకు సుఖం ఎక్కువ అని అనుకోవద్దు. ఆమెకు నడుము నొప్పి ఉంది. నిద్ర చాలదు. కండ్లు మసకలు. ఆమె ఒళ్ళు వేరే చోట అరిగింది. ముఖం మీద మాత్రం ఆ అరుగుదల కనిపించదు.

ఎండలో కంటికి కనిపించని కిరణాలు

ఎండలో వెలుతురు ఉంది. వేడి ఉంది. ఈ రెండూ మనకు తెలుస్తాయి. ఇంకొకటి కూడా ఉంది. అది కంటికి కనిపించదు. ఒంటికి తెలియదు. దాని పేరు అతినీలలోహిత కిరణాలు. పేరు పలకడం కష్టమే. అ-తి-నీ-ల-లో-హి-త. రెండు మూడు సార్లు చదివితే వస్తుంది.

ఈ కిరణాల్లో మన దాకా వచ్చేవి రెండు రకాలు. ఒక రకం పై పొరను కాలుస్తుంది. చర్మం కమిలి మండేది దీనివల్లే. రెండో రకం మంట పుట్టించదు. మెల్లగా లోపలి పొర దాకా దిగుతుంది. అక్కడ ఉన్న గట్టి పోగులను తెంచుతుంది. సాగే పోగులను ఉండలు కట్టిస్తుంది. ఒక్క రోజులో ఏమీ కాదు. పది, ఇరవై ఏళ్ళకు ముడతలుగా బయటపడుతుంది.

ఈ రెండో రకం కిరణాలు గాజు అద్దం నుంచి కూడా దూరి వస్తాయి. దీనికి ఒక మంచి రుజువు ఉంది. అమెరికాలో ఒక డ్రైవరు 28 ఏళ్ళు సరుకుల బండి నడిపాడు. అక్కడ డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు. కిటికీ ఎడమ పక్క ఉంటుంది. ఆయనకు 69 ఏళ్ళు వచ్చేసరికి ముఖం రెండు సగాలుగా మారింది. కుడి సగం ఆయన వయసుకు తగినట్టు ఉంది. ఎడమ సగం మొద్దుబారి, లోతైన ముడతలతో ఇంకా ఎంతో ముసలిదిగా ఉంది. 2012లో ఆయన ఫోటో ఒక పెద్ద వైద్య పత్రికలో అచ్చయింది. తల్లి ఒకటే, తిండి ఒకటే, వయసు ఒకటే. కిటికీ ఒక్కటే తేడా.

మన దేశంలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు. మదనపల్లె నుంచి టమోటా లోడు వేసుకుని దూరాలకు పోయే లారీ డ్రైవర్ల చేతులు ఈసారి గమనించండి. కిటికీ మీద ఆనించే కుడి మోచెయ్యి ఎట్లా ఉంది? ఎడమ చెయ్యి ఎట్లా ఉంది?

"ఇక్కడ చల్లగానే ఉంటుంది కదమ్మా!"

చెల్లెలు ఈ మాట అడిగింది. మంచి ప్రశ్న.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఎత్తైన నేల మీద ఉన్నాయి. సముద్రం కన్నా సుమారు 700 మీటర్ల ఎత్తు. అందుకే తిరుపతిలో ఉన్నంత ఉక్క ఇక్కడ ఉండదు. హార్స్‌లీ కొండ ఇంకా ఎత్తు. 4,000 అడుగులు దాటుతుంది. ఎండాకాలంలో చల్లదనం కోసం జనం అక్కడికి పోతారు.

కానీ వేడి వేరు, ఈ కిరణాలు వేరు. ఎత్తు పెరిగితే వేడి తగ్గుతుంది. కిరణాలు మాత్రం పెరుగుతాయి. 1000 మీటర్లు పైకి పోతే 100కు 10 పాళ్ళ చొప్పున పెరుగుతాయి. మన ఊర్లకు ఈ లెక్క పెద్దదేమీ కాదు. అసలు చిక్కు ఏమంటే, చల్లగా ఉంది కదా అని మనం నెత్తి మీద గుడ్డ వేసుకోము. మబ్బు ఉంటే అసలే వేసుకోము. మబ్బు పలచగా ఉంటే 100లో 80 పాళ్ళ దాకా కిరణాలు దాటి వస్తాయి.

ఇంకో సంగతి. సూర్యుడు మన మూడు ఊర్లకు సరిగ్గా నడినెత్తి మీదికి ఏడాదిలో రెండుసార్లు వస్తాడు. ఒకటి ఏప్రిల్ చివరి వారం. రెండోది ఆగస్టు మూడో వారం. ఆ రోజుల్లో నడిమధ్యాహ్నం నిలువు గుంజ పాతి చూడండి. నీడ కనిపించదు. గుంజ మొదట్లోనే దాక్కుంటుంది. ఏప్రిల్ ఎండకు అందరూ భయపడతారు. ఆగస్టులో ఎవరూ భయపడరు.

కిరణాల జోరు ఎంత ఉందో తెలుసుకోవడానికి గడియారం అక్కరలేదు. మీ నీడను చూసుకోండి. నీడ మీకన్నా పొడుగ్గా ఉంటే కిరణాల జోరు తక్కువ. నీడ మీకన్నా పొట్టిగా ఉంటే జోరు ఎక్కువ. సుమారు పొద్దున 9, 10 గంటల నుంచి మధ్యాహ్నం 2, 3 గంటల దాకా నీడ పొట్టిగానే ఉంటుంది.

ఎండ చెడ్డదని మాత్రం అనుకోవద్దు. ఎముకలకు కావలసిన డి విటమిన్ ఎండ వల్లే చర్మంలో తయారవుతుంది. కూలి పని చేసేవాళ్ళకు ఆ ఎండ కావలసినంత అందుతూనే ఉంది.

నలుపు మనకు గొడుగు

చర్మానికి రంగు ఇచ్చే పదార్థం పేరు మెలనిన్. అది ఆ కిరణాలను తనలోకి తీసుకుంటుంది. లోపలికి పోకుండా అడ్డుపడుతుంది. ఎండ తగిలితే చర్మం నల్లబడేది అందుకే. చర్మం తన గొడుగు తాను విప్పుకుంటోందన్న మాట. తెల్లవాళ్ళకు 30 ఏళ్ళు దాటగానే ముడతలు మొదలవుతాయి. నల్లటి వాళ్ళకు చాలా ఆలస్యంగా వస్తాయి. మన వాళ్ళలో ముడతల కన్నా ముందు మంగు, నల్లమచ్చలు వస్తాయి.

ఈ సంగతి తెలియక ఎంతోమంది నలుపును పోగొట్టుకోవాలని చూస్తారు. చెల్లెలు కూడా చూసింది. సంతలో ఒకడు ఇచ్చిన తెల్ల క్రీము ఆరు నెలలు పూసుకుంది. మొదటి నెలలో ముఖం తెల్లబడింది. తర్వాత ఎండలోకి పోతే మంట. బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు. మానేస్తే మంగు రెండింతలైంది.

నర్సమ్మ ఆ డబ్బా తెమ్మని చెప్పింది. డబ్బా మీద అక్షరాలు ఉన్నాయి. కానీ అందులో ఏమి కలిపారో లేదు. ఎవరు చేశారో లేదు. గడువు తేదీ లేదు. ఇట్లాంటి క్రీముల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ మందు కలుపుతారు. అది చర్మాన్ని పలచన చేస్తుంది. ముసలితనాన్ని ముందే తెచ్చిపెడుతుంది. కొన్నింటిలో పాదరసం కలుపుతారు. అది మూత్రపిండాలను చెడగొడుతుంది. స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. అయినా అడిగితే ఇచ్చే అంగళ్ళు ఉన్నాయి. డబ్బా కొనేముందు దాని మీద ఉన్నదంతా చదవండి. చదవడానికి ఏమీ లేకపోతే కొనవద్దు.

ఇంకా ఏమేమి చర్మాన్ని ముదురబెడతాయి?

పొగ. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగేవాళ్ళకు చర్మానికి పోయే రక్తం తగ్గుతుంది. పోగులు త్వరగా తెగుతాయి. పెదవుల చుట్టూ సన్న గీతలు పడతాయి. కట్టెల పొయ్యి పొగ కూడా మంచిది కాదు. చైనాలో ఆడవాళ్ళ మీద చేసిన ఒక పరిశీలన 2015లో అచ్చయింది. కట్టెలు, బొగ్గు వంటి వాటితో వండేవాళ్ళ ముఖాల్లో ముడతలు ఎక్కువగా ఉన్నాయని అందులో తేలింది.

పొడి గాలి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వందేళ్ళ కిందటే క్షయ ఆస్పత్రి పెట్టారు. ఇక్కడి పొడి గాలి రోగులకు మంచిదని అప్పటి డాక్టర్లు నమ్మారు. ఆ పొడి గాలే చర్మంలోని తేమను లాగేస్తుంది. చలికాలంలో మన కాళ్ళు తెల్లగా బూడిద పూసినట్టు అయ్యేది అందుకే.

వేడి నీళ్ళు, సబ్బు. పట్టుగూళ్ళను వేడినీళ్ళలో వేసి దారం తీసే ఆడవాళ్ళ వేళ్ళు చూడండి. తెల్లగా నాని, పగిలి, ముడుచుకుపోయి ఉంటాయి. అది వయసు వల్ల వచ్చింది కాదు. పని వల్ల వచ్చింది. రాత్రి పూట నూనె రాస్తే, మధ్యలో చేతులకు విరామం ఇస్తే చాలావరకు కుదురుకుంటుంది.

కుప్పం పక్కన రాతి క్వారీలు ఉన్నాయి. అక్కడి గ్రానైటు దూరదేశాలకు పోతుంది. రాతి దుమ్ము చర్మాన్ని ఎండబెడుతుంది. కానీ ఆ దుమ్ము చర్మానికి చేసే చెరుపు చిన్నది. ఊపిరితిత్తులకు చేసే చెరుపు చాలా పెద్దది. అక్కడ పని చేసేవాళ్ళు ముఖం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ముక్కుకు, నోటికి అడ్డం కట్టుకోవాలి.

తిండి సంగతి కూడా చెప్పాలి. గట్టి పోగులు తయారు కావడానికి సి విటమిన్ కావాలి. అది ఉసిరికాయలో, జామకాయలో, నిమ్మకాయలో బాగా ఉంటుంది. మునగాకులో, పచ్చి టమోటాలో కూడా ఉంటుంది. పప్పు, గుడ్డు, చెనక్కాయలు కూడా కావాలి. వాటిలోని మాంసకృత్తులతోనే శరీరం పోగులు నేస్తుంది. రోజూ పది కిలోల టమోటా చేతుల మీదుగా పోయినా, కూలి ఇంట్లో చారులోకి రెండు కాయలే పడతాయి. అది వేరే బాధ.

నీళ్ళు బాగా తాగితే ముడతలు పోతాయని కొందరు చెబుతారు. పోవు. ఎండలో పని చేసేవాళ్ళు నీళ్ళు బాగా తాగాలి. అది వడదెబ్బ తగలకుండా ఉండడానికి.

ఏది వయసు? ఏది రోగం?

వయసుతో వచ్చే గుర్తులు చాలావరకు హాని చేయవు. కాళ్ళ మీద, ముంజేతుల మీద బియ్యపు గింజంత తెల్ల చుక్కలు వస్తాయి. అవి బొల్లి కాదు. పాకవు. మెడ మీద చిన్న చిన్న నల్ల పులిపిర్లు వస్తాయి. ముసలివాళ్ళ ముంజేతుల మీద కొంచెం తగిలినా నల్లగా కమిలిపోతుంది. లోపల పోగులు తగ్గి రక్తనాళాలకు ఆసరా లేకపోవడమే కారణం. చర్మం ఎండి రాత్రిపూట దురద పెడుతుంది. వీటికి భయపడనక్కరలేదు.

కొన్నింటిని మాత్రం "వయసు వల్లే" అని వదిలేయకూడదు. స్పర్శ తెలియని మచ్చ ఉంటే వెంటనే చూపించాలి. అది కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆస్పత్రిలో మందు ఉచితంగా ఇస్తారు. పూర్తిగా నయమవుతుంది. నెల దాటినా మానని పుండు, ఉన్నట్టుండి పెరిగే పుట్టుమచ్చ, రక్తం కారే మచ్చ ఉంటే చూపించాలి. దురదతో పాటు దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే చక్కెర జబ్బుకు పరీక్ష చేయించుకోవాలి. రక్తంలో చక్కెర ఎక్కువైతే పోగులు బిరుసెక్కుతాయి. అట్లా కూడా చర్మం త్వరగా ముదురుతుంది.

"ఇప్పుడు నేనేం చేసేది?"

నర్సమ్మ అబద్ధం చెప్పలేదు. "పడిన ముడతలు గుడ్డ కట్టుకుంటే పోవమ్మా. కొత్తవి నిదానంగా వస్తాయి. ఉన్న బిరుసుతనం కొంత తగ్గుతుంది" అంది. డాక్టర్లు రాసే పూత మందులు కొన్ని ఉన్నాయి. వాటిని నెలల తరబడి వాడాలి. కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడదు. ఎండలో తిరిగేవాళ్ళకు అవి సరిపడేది కష్టం. ఎండకు పూసుకునే క్రీము మంచిదే. కానీ అది రెండు మూడు గంటలకు ఒకసారి పూసుకోవాలి. చెమటకు కారిపోతుంది. రోజు కూలికి పోయే మనిషికి ఆ ఖర్చు అయ్యేది కాదు.

అన్నిటికన్నా చౌకైనది గుడ్డ. టమోటా తోటల్లో ఆడవాళ్ళు చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుంటారు. ఆకు గీరుకోకుండా, మరకలు కాకుండా అని తొడుక్కుంటారు. అదే చొక్కా ఎండను కూడా ఆపుతుంది. ఒత్తుగా నేసిన గుడ్డ, ముదురు రంగు గుడ్డ బాగా ఆపుతుంది. తడిసిన పలచని తెల్ల గుడ్డ పెద్దగా ఆపదు. తలకు కట్టిన గుడ్డ అంచు కండ్ల మీదికి, మెడ మీదికి వచ్చేట్టు ఉండాలి. చాలామంది మెడను మరిచిపోతారు. వంగి పని చేసేటప్పుడు ఎండంతా మెడ వెనకే పడుతుంది.

స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె పలచగా రాసుకుంటే తేమ లోపలే నిలుస్తుంది. సబ్బు ఒళ్ళంతా రోజూ రుద్దనక్కరలేదు. చంకల్లో, గజ్జల్లో, పాదాలకు రుద్దితే చాలు.

వేలిముద్ర, వయసు

లేచి పోబోతూ చెల్లెలు ఇంకో మాట చెప్పింది.

"చౌకదుకాణంలో మిషను మీద నా వేలు పడదమ్మా. నాలుగు వేళ్ళూ పెట్టినా 'పడలేదు' అంటాడు. సంతకం నేర్చుకున్నాక వేలిముద్ర బాధ పోయింది అనుకుంటి. మళ్ళీ వేలే అడిగిరి."

వేలి కొనల మీద ఉండే సన్న గీతలు కూడా చర్మమే. మట్టి, కట్టె, తీగ, సున్నం, సబ్బు వాటిని అరగదీస్తాయి. వయసుతో గీతల ఎత్తు తగ్గుతుంది. ఎండిన వేలు మిషనుకు సరిగా అంటదు. వేలు కడిగి, తుడిచి, కొంచెం తేమగా ఉన్నప్పుడు పెడితే కొందరికి పడుతుంది. ముందు రోజు రాత్రి నూనె రాసుకుంటే మంచిది. అప్పటికీ పడకపోతే కంటిపాపతో చూడమని అడగాలి. వేలు పడలేదని బియ్యం వదులుకుని రాకూడదు.

నర్సమ్మ ఆధార్ కార్డు తీయమని చూసింది. కార్డులో ఆమెకు 54 ఏళ్ళు ఉన్నాయి.

"కార్డు తీసినప్పుడు ఎవరు చెప్పినారమ్మా ఈ వయసు?"

"నాకు తేదీ తెలీదంటి. ఆ అబ్బాయి నా ముఖం చూసి వేసుకున్నాడు."

ఎనిమిదేళ్ళు ఎక్కువ. పోనీలే, పింఛను ముందే వస్తుందని ఊర్లో ఒకరిద్దరు అన్నారట. వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్ళు నిండాలి కదా. కానీ నష్టం ఇప్పుడే జరిగింది. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలు కట్టే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉంది. మనిషి పోతే ఇంటివాళ్ళకు 2 లక్షల రూపాయలు వస్తాయి. అందులో చేరడానికి 18 నుంచి 50 ఏళ్ళ లోపు ఉండాలి. చెల్లెలికి 46 ఏళ్ళే. ఆమె చేరవచ్చు. కార్డు ప్రకారం ఆమెకు వయసు దాటిపోయింది. బ్యాంకువాళ్ళు కాగితం తిప్పి ఇచ్చేశారు.

ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మారుస్తారు. అందుకని సరైన కాగితం చేతిలో పెట్టుకునే పోవాలి. ఏ కాగితం చెల్లుతుందో ఆధార్ కేంద్రంలో ముందే అడగాలి.

"చిన్నప్పుడు బడికి పోయినావా?" అని నర్సమ్మ అడిగింది.

"రెండో తరగతి దాకా పోయినాను. అక్క, నేను ఒకే బడి. తర్వాత ఆవుల వెంట తోలినారు."

"అయితే ఆ బడి రిజిస్టరులో నీ పుట్టిన తేదీ ఉంటుంది. పోయి అడుగు."

రెండో వారంలో చెల్లెలు పుంగనూరు పక్కన పుట్టింటి ఊరికి పోయింది. బడి పాత రిజిస్టరు బీరువా అడుగున ఉంది. అంచులు చెదలు తిన్నాయి. హెడ్మాస్టరు పుటలు తిప్పుతూ ఉంటే ఆమె పక్కన నిలబడి వేలు పెట్టి చూసింది. తన పేరు తానే కనిపెట్టింది. తండ్రి పేరు చదివింది. పక్కన తేదీ చదివింది. వేళ్ళ మీద లెక్క వేసుకుంది. 46. సరిపోయింది. హెడ్మాస్టరు సర్టిఫికెట్టు రాసి, ముద్ర వేసి ఇచ్చాడు.

రిజిస్టరు మూసేముందు ఆమె ఇంకో నాలుగు పుటలు వెనక్కు తిప్పమంది. అక్కడ అక్క పేరు ఉంది. దాని పక్కన తేదీ కూడా చదువుకుంది. బడి బయటికి వచ్చి కుప్పానికి ఫోను చేసింది.

"అక్కా, నీకు 50 కాదు. 51" అంది.